రాసేది సబదు, పలికేది సబద్

గోదావరి నాందేడ్ దాటి, కందకుర్తి దగ్గర తెలంగాణలో కాలుపెట్టి, బాసర చేరుతుంది. బాసరలో మనం పిల్లల చేత పలక మీద ఓనమాలు దిద్దిస్తాం. అదే నది ఒడ్డున, ఎగువనున్న నాందేడ్‌లో, 1708లో సిక్కుల గురువు గోవింద్ సింగ్ తన తరవాత మరో మనిషి గురువుగా ఉండడని, ఇక తమ పవిత్ర గ్రంథమే గురువని చెప్పి కన్నుమూశారు. అక్షరానికి దండం పెట్టడం మనకూ తెలుసు. కాలికి తగిలిన పుస్తకాన్ని కళ్లకద్దుకునే అలవాటు మనది. సిక్కులు ఇంకో అడుగు ముందుకేశారు. గ్రంథాన్ని తెల్లవారుజామున మేల్కొలిపి, చాందినీ కింద పీఠం మీద ఉంచి, చామరం వీచి, రాత్రికి పవళింపు చేస్తారు. పుటను పుట అనరు, ‘అంగ్’ అంటారు. గురువు శరీరంలో అదొక అవయవమని భావన. అచ్చు ప్రతిలో మొత్తం 1430 అంగాలు. ఏ ఊరి గురుద్వారాలో తెరిచినా ఒక పదం ఒకే అంగంలో దొరుకుతుంది.

ఆ గ్రంథం రాసి ఉన్న అక్షరాలే గురుముఖి.

ఈ మధ్య మనవాళ్లలో కొందరి చెవిన ఈ పేరు పడుతున్నది గురుద్వారాలో కాదు, యోగా తరగతిలో. కుండలినీ యోగా నేర్పేచోట ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేసిన కాగితం చేతికొస్తుంది. అందులో సత్ నామ్, వాహెగురు వంటి మంత్రాలుంటాయి. ఇది గురుముఖి అనే పవిత్ర భాష, అర్థంతో పని లేదు, శబ్ద తరంగమే పని చేస్తుంది అని చెబుతారు. ఇందులో ఒక పొరపాటు, ఒక సగం నిజం ఉన్నాయి. పొరపాటు చిన్నదే. గురుముఖి భాష కాదు, లిపి. సగం నిజం సంగతే తేల్చాల్సింది. శబ్దానికి సిక్కు సంప్రదాయంలో చాలా పెద్ద పీట ఉంది, కాదనలేం. అయితే ఆ శబ్దాన్ని పట్టి నిలిపింది లిపి. గొంతు పలకని సంగతులు కూడా ఆ లిపిలో రాసి ఉన్నాయి. లిపికి అందని సంగతులు గొంతులో, రాగంలో ఉన్నాయి. రెంటిలో ఏది వదిలేసినా చేతికొచ్చేది సగమే.

సిక్కుల మొదటి గురువు నానక్ కాలానికి పంజాబ్‌లో రాతకు కరువు లేదు. సంస్కృత పండితులకు శారద, నాగరి లిపులుండేవి. దర్బారులో ఫార్సీ నడిచేది. దుకాణదారులు ‘లండా’ అనే గొలుసు రాతలతో పని గడుపుకునేవారు. లండాలో అచ్చుల గుర్తులుండవు, హల్లులు గీకేసుకుంటూ పోవడమే. చిట్టా ఆవర్జాలకు అది చాలు. మహాజనుల ఇలాంటి రాత మీద ఉత్తరాదిన ఒక పాత హాస్యం ఉంది. ‘కాకాజీ అజ్మేర్ గయే’, అంటే బాబాయిగారు అజ్మీర్ వెళ్లారని, ఎవరో ఇంటికి ఉత్తరం రాశారట. ఇంట్లోవాళ్లు దాన్ని ‘కాకాజీ ఆజ్ మర్ గయే’ అని చదువుకుని ఏడుపులు మొదలెట్టారట. బాకీ లెక్కలో ఇలాంటిది జరిగితే మళ్లీ అడిగి సరిచేసుకోవచ్చు. పది తరాలు పాడుకోవాల్సిన వాక్కులో జరిగితే అడగడానికి ఎవరుంటారు?

రెండో గురువు అంగద్ (1504–1552) ఖడూర్ అనే ఊళ్లో కూర్చుని చేసిన పని ఈ చిక్కు విప్పడమే. అక్షరాల రూపం, వరస, అచ్చుల గుర్తులు స్థిరపరిచారు. ఊరి పిల్లలకు నేర్పించారు. లిపిని మొత్తంగా ఆయనే కనిపెట్టారని భక్తులు చెబుతారు గాని అది నిలవదు. గురు నానక్ ఆసా రాగంలో ‘పట్టీ’ అనే రచన చేశారు. పట్టీ అంటే పిల్లలు దిద్దే పలక. అక్షరానికో చరణం చొప్పున, మన అక్షరమాలా స్తోత్రాల బాపతుగా సాగుతుందది. గురుముఖిలో ఉన్న 35 అక్షరాలూ అందులో ఉన్నాయి. అంటే అక్షరాల జాబితా నానక్ నాటికే జనంలో ఉంది. దాన్ని దుకాణం గల్లా పెట్టె దగ్గర్నుంచి లేపి గుడికి తెచ్చిన ఘనత అంగద్‌ది. కొత్త లిపి కనిపెట్టడం కంటే ఇది చిన్న పనేమీ కాదు. నాగరిని ఎంచుకుంటే పండితుడి గడప తొక్కాలి, ఫార్సీని ఎంచుకుంటే కొలువు చేసేవాడి గడప తొక్కాలి. రైతుకూ, నేతపనివాడికీ, ఆడవాళ్లకూ ఆ రెండు గడపలూ దూరమే.

పిల్లలు ఆ 35 అక్షరాలను ‘పైంతీ’ అంటారు. మనలా అ ఆ లతో మొదలుకాదు. ముందు ఊడా, ఐడా, ఈడీ అనే మూడు అక్షరాలొస్తాయి. వాటికి సొంత ధ్వని పెద్దగా లేదు, అచ్చులను మోయడమే వాటి పని. ఊడా మీద ఉ, ఊ, ఓ నిలుస్తాయి. ఐడా మీద అ, ఆ, ఐ, ఔ. ఈడీ మీద ఇ, ఈ, ఏ. పది అచ్చులకు మూడే అక్షరాలు సరిపోయాయి. వాటి తరవాత స, హ, ఆ పైన మనకు తెలిసిన క వర్గం, చ వర్గం. ఫార్సీ మాటల కోసం కింద చుక్క పెట్టిన అక్షరాలు తరవాతి కాలంలో చేరాయి.

తెలుగువాళ్లకు అసూయ పుట్టించేది వత్తుల సంగతి. మన పిల్లలు ఒకటో తరగతి నుంచి వత్తులతో కుస్తీ పడతారు. గురుముఖిలో అక్షరం కాళ్ల కింద నిలిచేవి ముఖ్యంగా మూడే: హ, ర, వ. సంస్కృత సంయుక్తాక్షరాలు రాయడానికి ఈ లిపికి ఓపికా లేదు, అవసరమూ లేదు. భక్తి అందులో భగతి. ముక్తి ముకతి. శబ్దం సబద్. శ్రీ సిరీ. జనం నోట ఎలా ఉందో అలా రాసుకున్నారు. మన తత్వాలు పాడేవాళ్ల నోట ఇలాంటి మాటలు విన్నవాళ్లకు ఇదేం వింతగా తోచదు.

అసలు వింత ఇక్కడ మొదలవుతుంది. గ్రంథం మొదట్లో ఉన్న మాటను అక్షరానికి అక్షరంగా తెలుగులోకి దించితే ‘సతి నాము’ అని వస్తుంది. చదివేవాళ్లు మాత్రం ‘సత్ నామ్’ అంటారు. మాట చివరి హ్రస్వ ఇకారం, ఉకారం రాతలో ఉంటాయి, సాధారణంగా నోట ఉండవు. అజంత భాష మాట్లాడే మనకు ఆ రాత చూడగానే సొంత ఇంటికి వచ్చినట్టుంటుంది, పలుకు వినగానే పరాయిదైపోతుంది. పలకని అచ్చులను నాలుగు వందల ఏళ్లుగా ఇంత జాగ్రత్తగా రాసుకుంటూ రావడం ఎందుకు?

వ్యాకరణం కోసం. సబదు, సబద, సబది అని గ్రంథంలో మూడు రకాలుగా కనిపిస్తుంది. నోటికి మూడూ సబద్ మాత్రమే. ఉకారంతో ఉంటే ఏకవచనం, కర్తో కర్మో అయి ఉంటుంది. ఉత్త అకారంతో ఉంటే బహువచనం, లేదా వెనకాల విభక్తి పదం వస్తోందని గుర్తు. ఇకారంతో ఉంటే శబ్దం చేత, శబ్దంలో అని. నానక్ పేరే తీసుకుందాం. నానకు అంటే నానక్ ఏదో చేస్తున్నాడు. నానక అంటే ఓ నానక్ అని పిలుపు. నానకి అంటే నానక్ చేత జరిగింది. రాముడు, రామా, రాముడి చేత అని మనం నోటితో చూపించే తేడాను వాళ్లు రాతలో దాచుకున్నారు. ఇవి పాత అపభ్రంశ విభక్తుల అవశేషాలు. మాట్లాడే నాలుక మీద అరిగిపోయినా రాసే చేతికి గుర్తున్నాయి.

ఇది పండితులకు మాత్రమే పట్టే సంగతి కాదు. గ్రంథంలో ఆరుగురు గురువుల వాణి ఉంది. ఆరుగురూ పదం చివర ‘నానక్’ అనే ముద్రే వేశారు. ఏ గురువు పదమో శీర్షికలో ఉన్న ‘మహలా’ అంకె చెబుతుంది. మరి పదం చివర నానక్ మాట్లాడుతున్నాడా, నానక్‌ను ఉద్దేశించి మాట్లాడుతున్నారా? చెవితో వింటే తేలదు. కంటితో ఆ చిన్న కొమ్మును చూస్తే తేలుతుంది. సంస్కృతం చదువుకున్న ప్రొఫెసర్ సాహిబ్ సింగ్ (1892–1977) ఈ గుర్తులన్నిటినీ పట్టి, సూత్రాలు కట్టి, గుర్బాణీకి, అంటే గ్రంథంలోని వాణికి, వ్యాకరణం రాశారు. ఆ సూత్రాల మీదే గ్రంథం మొత్తానికీ పది సంపుటాల ‘దర్పణం’ అనే వ్యాఖ్య రాశారు. అంతకుముందు వ్యాఖ్యాతలు సంప్రదాయం చెప్పిన అర్థాన్ని అందుకునేవారు, కొందరు కల్పన కూడా కలిపేవారు. సాహిబ్ సింగ్ తరవాత ఆ స్వేచ్ఛ తగ్గింది. నా దృష్టిలో ఆధునిక సిక్కు పాండిత్యంలో ఇంతకు మించిన పని లేదు. యోగా తరగతిలో ఇచ్చే ఇంగ్లీషు అక్షరాల కాగితంలో ముందుగా మాయమయ్యేవి ఈ కొమ్ములూ గుడులే. పలకరు కదా, ఎందుకు రాయాలని తీసేస్తారు.

దీనికి తలకిందులు కూడా ఉంది. రాయని ధ్వనులను పలకాల్సి వస్తుంది. చాలాచోట్ల అనునాసికం గుర్తు వేసి ఉండదు, మాట రూపాన్ని బట్టి చదివేవాళ్లే ముక్కుతో పలకాలి. పైగా పంజాబీ స్వరభేదం ఉన్న భాష. మాట మొదట ఘ, ధ, భ వస్తే ఆ ఒత్తు నోట వినబడదు, గొంతు కిందికి దిగి మళ్లీ లేస్తుంది. ఘర్ అని రాసి ఉన్నదాన్ని కర్‌కు దగ్గరగా, గొంతు దించి పలుకుతారు. ఘ, ధ, భ లున్న తెలుగు లిపికే ఇది అందదు. ఇంగ్లీషు అక్షరాల సంగతి చెప్పనక్కర్లేదు.

పాత రాతప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. మన తాటాకు ప్రతుల్లాగే అక్షరాలు చివరిదాకా ఏకధాటిగా సాగిపోతాయి. దాన్ని లడీవార్ అంటారు. విడదీసి అచ్చువేసిన ప్రతులు ఇరవయ్యో శతాబ్దంలో బాగా వ్యాపించాయి గాని, అవి గ్రంథానికి అపచారమనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదంలో మొండితనం ఎంతుందో విలువా అంతే ఉంది. లడీవార్ చదవాలంటే అర్థం ముందుగా తెలిసి ఉండాలి, లేకపోతే మాట విరగదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ సగం ఆగాలో నేర్పడాన్ని విశ్రామ్ అంటారు. ఒక్క విశ్రామ్ తప్పితే ఒక పాదంలోని క్రియ పక్క పాదం కర్తకు అంటుకుంటుంది. ఇదంతా పుస్తకం చూసి వచ్చే విద్య కాదు. గురువు ఎదుట కూర్చుని పాదం పాదం చెప్పించుకుని, తిరిగి అప్పజెప్పాలి. ఈ పద్ధతిని సంథియా అంటారు. దమ్‌దమీ టక్సాల్ వంటి పాఠశాలలు దీనికి పేరుపొందాయి. వేదం సంత చెప్పించుకోవడం తెలిసిన తెలుగువాళ్లకు పేరు కూడా దగ్గరగానే వినిపిస్తుంది.

గ్రంథంలోని భాషకు పండితులు పెట్టిన పేరు సంత్ భాష. అది ఒక ప్రాంతపు మాండలికం కాదు, ఊరూరా తిరిగే సాధువులు అందరికీ అర్థమవడానికి వాడుకున్న మిశ్రమం. పంజాబీ, వ్రజ భాష, ముల్తానీ పలుకుబళ్లు, ఫార్సీ, ప్రాకృతపు ఛాయలు అన్నీ కలిసి ఉంటాయి. 1604లో ఐదో గురువు అర్జన్, భాయీ గుర్దాస్ చేత ఈ గ్రంథం రాయించినప్పుడు గురువుల వాణి పక్కనే 15 మంది భక్తుల వాణిని చేర్చారు. కాశీ నేతగాడు కబీర్, చర్మకారుడు రవిదాస్, మహారాష్ట్ర దర్జీ నామ్‌దేవ్, సూఫీ షేక్ ఫరీద్ అందులో ఉన్నారు. గీతగోవిందం జయదేవుడివిగా చెప్పే పదాలు కూడా రెండున్నాయి. ఎవరు ఏ యాసలో పాడినా రాత మాత్రం ఒక్కటే, గురుముఖి. కబీర్ మరాఠీ దర్జీ పక్కన, ముస్లిం ఫకీరు నేతగాడి పక్కన ఒకే వరసలో కూర్చున్నారు. లంగర్‌లో అందరూ ఒకే పంక్తిన తింటారని మనం చెప్పుకుంటాం. ఆ పంక్తి ముందు వేసింది ఈ గ్రంథంలోనే అనిపిస్తుంది.

ఇక రాగం. ఈ గ్రంథాన్ని కథను బట్టో, విషయాన్ని బట్టో పేర్చలేదు. మొదటి 13 అంగాల్లో నిత్యపాఠం అయ్యాక, 14వ అంగం నుంచి సిరీ రాగంతో మొదలుపెట్టి చాలా భాగాన్ని రాగాల వరసలోనే పేర్చారు. తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ పదాలతో చేరిన జైజావంతితో కలిపి రాగాలు 31. ఆ భాగంలో గురువుల ప్రతి పదం నెత్తిన రాగం పేరు, మహలా అంకె, చాలాచోట్ల ‘ఘర్’ అని మరో అంకె ఉంటాయి. ఘర్ అంటే తాళమని కొందరు, స్వరస్థానమని కొందరు అంటారు. తాళ్లపాక రాగిరేకులు చూసినవాళ్లకు ఈ అవస్థ తెలుసు. అన్నమయ్య సంకీర్తన పైన రాగం పేరు చెక్కి ఉంటుంది, తాళం ఉండదు, స్వరం అసలే ఉండదు. రెండు చోట్లా బాణీ నోటి నుంచి నోటికే రావాలి.

పదంలో ‘రహాఉ’ అని రాసి ఉన్న పాదం పల్లవి. మన కీర్తనల్లో పల్లవి మొదటే వస్తుంది. ఇక్కడ తరచూ మొదటి చరణం అయ్యాక వస్తుంది. గాయకులు మాత్రం రహాఉతోనే ఎత్తుకుని, ప్రతి చరణం తరవాతా దాని దగ్గరికే తిరిగొస్తారు. పదం మొత్తానికీ ప్రాణం అందులో ఉంటుందని వ్యాఖ్యాతల మాట. కాబట్టి చదివేవాడికీ అది దారి చూపిస్తుంది. అర్థం తెలియకపోతే ముందు రహాఉ చదువు, తరవాత తక్కినవి చదువు అంటారు. సంగీతం గుర్తు అర్థానికి తాళంచెవి అయింది. సిక్కు ఆచారాన్ని క్రోడీకరించిన రెహత్ మర్యాదా ప్రకారం, కీర్తనలో పదంలోని పాదాన్నే పల్లవిగా తిప్పాలి, బయటి మాటలు కలపకూడదు. మన భజనల్లో పాటగాడు మధ్యలో సొంత మాటలు అల్లేస్తాడు. అక్కడ అది కుదరదు.

రాగాల గురించి చెబితే అంతా శాస్త్రీయమనుకుంటారు. కాదు. గ్రంథంలో 22 ‘వార్’లున్నాయి. వార్ అంటే వీరగాథ ఛాయలో నడిచే దీర్ఘ రచన. వాటిలో తొమ్మిదింటికి ఫలానా జానపద వీరగాథ బాణీలో పాడాలని శీర్షికలోనే ఉంది. అమృత్‌సర్ హర్‌మందిర్ సాహిబ్‌లో రోజూ తెల్లవారకముందే పాడే ఆసా కీ వార్‌కు చేయి తెగిన అస్‌రాజ్ అనే రాజు కథ పాడే బాణీని నిర్దేశించారు. పల్నాటి వీరచరిత్ర బాణీలో రోజూ సుప్రభాతం పాడినట్టు ఊహించుకోండి. పెళ్లి పాటల వరసలో ‘ఘోడియాఁ’, చావింట ఏడ్చే పాటల వరసలో ‘అలాహణియాఁ’, నెలనెలా విరహం చెప్పే బారహ్ మాహా కూడా గ్రంథంలో ఉన్నాయి. ఆడవాళ్లు వంటింట్లో, పెళ్లి పందిట్లో పాడుకునే వరసలకు పరమార్థం ఎక్కించారు.

నానక్ వెంట తిరిగిన రబాబ్ వాద్యకారుడు మర్దానా ముస్లిం. ఆయన తరవాత ముస్లిం రబాబీ కుటుంబాలు శతాబ్దాలపాటు గురుద్వారాల్లో కీర్తన చేశాయి. 1947 విభజనలో ఆ కుటుంబాలు పాకిస్తాన్ వెళ్లిపోయాయి. వాళ్లతో పాటు ఎన్ని బాణీలు వెళ్లాయో లెక్క కట్టేవాళ్లు లేరు. అప్పటికే హార్మోనియం వచ్చి కూర్చుంది. రబాబ్, సరందా, తావూస్ పలికించే గమకాలు ఆ మెట్ల మీద పలకవు. 2022లో సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్ పెద్ద హర్‌మందిర్ సాహిబ్‌లో హార్మోనియంను మూడేళ్లలో క్రమంగా తప్పించి తంత్రీ వాద్యాలు తేవాలని సూచించారు. కీర్తన పాడే రాగీల్లో కొందరికి అది నచ్చలేదు. హార్మోనియంతో ఎదిగిన రెండు మూడు తరాల గాయకుల కష్టాన్ని ఒక్క ఆజ్ఞతో పక్కకు నెట్టలేం. అయినా పోయిన బాణీల సంగతి తలచుకుంటే ఆ సూచన వెనక ఉన్న బాధ అర్థమవుతుంది.

రోజువారీ సాధన ఇంత బరువుగా ఉండదు. వేకువన జప్‌జీ. అందులో 38 పౌడీలు, అంటే చరణాలు, చివర ఒక సలోకు. దాని వెంట మరికొన్ని వాణులు. సాయంత్రం రహిరాస్. పడుకోబోయే ముందు కీర్తన్ సోహిలా. పని చేసుకుంటూ ఊపిరితో పాటు వాహెగురు స్మరణ. గ్రంథాన్ని 48 గంటల్లో ఆపకుండా చదివే అఖండ పాఠం ఉంది. లెక్క కడితే అంగానికి రెండు నిమిషాలు. ఒక్కో అంగంలో సుమారు 19 వరుసలుంటాయి. ఆ వేగంలో పైన చెప్పుకున్న విశ్రామ్‌లూ విభక్తులూ ఎంత నిలుస్తాయో ఆలోచించాల్సిందే. నన్నడిగితే తీరికగా వారాలూ నెలలూ చదివే సహజ పాఠమే ఈ లిపి స్వభావానికి తగింది.

యోగం దగ్గరికి వద్దాం. నానక్‌కు యోగులు కొత్త కాదు. గౌరన నవనాథచరిత్ర ద్వారా తెలుగువాళ్లకు పరిచయమైన నాథ సంప్రదాయమే అప్పటి పంజాబ్‌లో బలంగా ఉండేది. చెవులకు కుండలాలు, ఒంటికి బూడిద, మెడలో కొమ్ముబూరతో వాళ్లు తిరిగేవారు. రామ్‌కలీ రాగంలో నానక్ రచించిన ‘సిద్ధ్ గోష్ఠి’లో 73 పౌడీలున్నాయి. సిద్ధులు అడుగుతారు, నానక్ జవాబిస్తారు. కుండలాలు, బూడిద, బొంత వంటి బయటి గుర్తుల స్థానంలో సంతోషం, వినయం, ధ్యానం వంటి లోపలి గుణాలను పెట్టడం నానక్ పద్ధతి. సంసారం విడిచి కొండకు పోనక్కర్లేదన్నది ఆయన పట్టు. అయినా నాథుల పరిభాషను ఆయన పారెయ్యలేదు. అనాహత శబ్దం, శూన్యం, దశమ ద్వారం, సహజం గ్రంథమంతా కనిపిస్తాయి. ఆ స్థితికి చేర్చేది ప్రాణాయామం కాదు, శబ్దం అన్నారు. ఆ శబ్దం అర్థం లేని కంపనం కాదు. విని, ఒప్పుకుని, విచారించాల్సిన వాక్కు.

ఈ నేపథ్యంలో చూడాలి, 1968లో ఉత్తర అమెరికా వెళ్లి ఆ మరుసటి ఏడు అక్కడ సంస్థ పెట్టిన హర్‌భజన్ సింగ్ యోగి (1929–2004) నేర్పిన కుండలినీ యోగాను. ఆసనం, శ్వాస, గురుముఖి మంత్రం మూడూ కలిపారాయన. ఆయన వల్ల కొన్ని వేలమంది అమెరికన్లు తలపాగా చుట్టి గుర్బాణీ నేర్చుకున్నారు. వాళ్లలో మంచి కీర్తనకారులు వచ్చారు. గురుముఖి మంత్రాలు పాడిన వైట్ సన్ బృందం ఆల్బమ్‌కు 2017లో గ్రామీ కూడా దక్కింది. కానీ ఆ పద్ధతిలో ఉన్నదంతా సిక్కు పరంపర నుంచి వచ్చింది కాదు. సత్ నామ్‌ను స, త, న, మ అని ముక్కలు చేసి, బొటనవేలిని తక్కిన నాలుగు వేళ్లకూ వరసగా తాకిస్తూ, పైకి, గుసగుసగా, మౌనంగా జపించే ‘కీర్తన్ క్రియా’ గురుద్వారాలో కనబడదు. తరగతి మొదట్లో చెప్పే ఆది మంత్రం ఆ రూపంలో గ్రంథంలో లేదు. అంగిలి మీద 84 బిందువులున్నాయి, నాలుక వాటిని మీటుతుంది అన్న మాటకు గుర్బాణీలో ఆధారం లేదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను చూసుకునే బంధువుల చేత రోజూ 12 నిమిషాలు కీర్తన్ క్రియా చేయించి లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో కొంత మేలు చూపించారు. అది నలభైమంది లోపు మనుషులతో జరిగిన చిన్న పరిశీలన. నిదానంగా ఊపిరి వదులుతూ చేసే ఏ జపమైనా మనసును నెమ్మదింపజేస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు.

మరో మాట దాచకూడదు. 2020లో ఆ సంస్థలే నియమించిన స్వతంత్ర విచారణ, హర్‌భజన్ సింగ్ యోగి మీద వచ్చిన లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు నిజమై ఉండే అవకాశమే ఎక్కువని తేల్చింది. ఆయన శిష్యుల్లో చాలామంది మనసు విరిగిపోయింది. మంత్రాలూ వదిలెయ్యాలా అన్న ప్రశ్న వాళ్లను బాధించింది. గుర్బాణీ వరకైతే ఆ ప్రశ్న రాకూడదు. ఆ వాణి ఆయన సొత్తు కాదు. ఆయన పుట్టకముందు మూడు వందల ఏళ్లకు పైగా పంజాబ్ పల్లెల్లో రోజూ పాడుకున్నదే. మనిషిని గురువుగా నిలపొద్దని నాందేడ్‌లో చెప్పిన మాట ఇలాంటి వేళ ఎంత దూరదృష్టితో చెప్పారో తెలుస్తుంది.

హైదరాబాద్ వాళ్లకు ఇదంతా తెలుసుకోవడానికి పంజాబ్ పోనవసరం లేదు. నిజాం దివాన్ చందూలాల్ కాలంలో, 1832 ప్రాంతంలో, మహారాజా రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజు వారసులు అత్తాపూర్ వైపు బారంబాలాలో ఇప్పటికీ ఉన్నారు. దక్కనీ, తెలుగు మాట్లాడుతూ గురుముఖి చదువుతారు. అమీర్‌పేట, గౌలిగూడ, సికింద్రాబాద్ గురుద్వారాల్లో తలకు గుడ్డ కట్టుకుని ఎవరైనా కూర్చోవచ్చు, కులమతాలు అడగరు. నాందేడ్ హజూర్ సాహిబ్‌కు హైదరాబాద్ నుంచి రైళ్లున్నాయి.

లిపి నేర్చుకోవడానికి భయపడాల్సింది లేదు. వత్తులు దాటొచ్చిన తెలుగువాళ్లకు 35 అక్షరాలు, తొమ్మిది అచ్చు గుర్తులు ఒక లెక్కా? యోగా తరగతిలో ఎవరైనా మీకు గురుముఖి మంత్రం ఇస్తే మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎన్నో అంగంలో ఉంది, ఏ రాగంలో ఉంది, మాట చివర ఏ అచ్చు రాసి ఉంది? జవాబు వస్తే ఆ గురువు దగ్గర నేర్చుకోండి. రాకపోతే మంత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని దగ్గర్లోని గురుద్వారాకు వెళ్లి గ్రంథం చదివే గ్రంథీగారిని అడగండి.